రిలీవర్ వచ్చేదాకా

ఆ ఆదివారం గేటాయన గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. మొదటిసారి సరిగ్గా తెగలేదని కాదు, చేతులు ఊరుకోక. నెలకొక్క ఆదివారం, పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా కూతురు తనది. మిగతా రోజులన్నీ వాళ్ళమ్మవి. అలాగని లాయరు దగ్గర కూచుని రాసుకున్న కాగితం ఉంది. కాగితం ఉంటే ఏం లాభం, గడిచిన ఆరు నెలల్లో మనవాడు వెళ్ళగలిగింది రెండుసార్లు. ఆ రెండింటిలో ఒకసారి పిల్లని ఏడున్నరకి దింపాడు. అప్పుడే చెప్పేసింది ఆవిడ, గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా. ఇంకొక్కసారి అయిదు దాటితే ఇక రానే వద్దు, లాయరుతో నేనే మాట్లాడుకుంటాను అంది. అరిచి ఉంటే గేటాయనకి అంత భయం వేసేది కాదు. అరవలేదు కాబట్టే నెల రోజులూ ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది.

గేటాయన అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదులెండి. పందొమ్మిదేళ్ళు గేట్ల దగ్గరే నిలబడ్డవాడికి ఇంకో పేరుతో పనేముంది? మొదట ఒక గోడౌను గేటు, తర్వాత కడుతూ కడుతూ ఆగిపోయిన ఆస్పత్రి గేటు, ఎనిమిదేళ్ళుగా రంగుల ఫ్యాక్టరీ గేటు. వీధిలో ఎవరైనా చూపించాలంటే "అదుగో, ఆ గేటాయన" అనేవాళ్ళు. కోపం వచ్చినప్పుడు పెళ్ళాం కూడా అలాగే పిలిచేది.

ఆ ఉద్యోగానికి ఒకటే సూత్రం. రిలీవర్ వచ్చేదాకా కదలకూడదు. రిలీవర్ అంటే తర్వాతి డ్యూటీ మనిషి. ఆయన వచ్చి, టోపీ పెట్టుకుని, "ఛార్జి తీసుకున్నాను" అంటేనే ముందున్నవాడికి విడుదల. ఎవరు పిలిచినా, ఎంత అర్జంటని చెప్పినా, మైకులో పేరు పెట్టి అరిచినా పోస్టు వదలకూడదు. గేటు దగ్గర మనిషిని తప్పించాలనుకున్న దొంగ మొట్టమొదట చేసే పని పిలవడమేనట. ఉద్యోగంలో చేరిన రోజున సూపర్‌వైజర్ ఈ మాట చెప్పి, తర్వాత వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. విన్న మనిషి మాత్రం దాన్ని ఒంటికి పట్టించుకున్నాడు. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూతురికి కథలా చెప్పేవాడు కూడాను. ఇక గేటాయనకి దొరికిన రిలీవరు సంగతంటారా, ఆయన ఆయాసం మనిషి. చలికి రాడు, వానకి రాడు, ఎండకి అసలే రాడు. వచ్చిన రోజున కూడా గంట ఆలస్యం. అలా పన్నెండు గంటల డ్యూటీ కాస్తా పద్దెనిమిదయ్యేది, ఇరవై నాలుగయ్యేది. మరదలి పెళ్ళి కానీ, పిల్ల బళ్ళో పాట పాడిన రోజు కానీ, ఇల్లు మారిన రోజు కానీ, ఇంట్లో వినపడేది ఒకటే మాట. రిలీవర్ రాలేదు.

ఇదంతా ఒక ఎత్తు, రెండేళ్ళ కిందట జరిగింది ఒక ఎత్తు. అప్పుడు కూతురు చిట్టికి ఆరేళ్ళు. ఒక మధ్యాహ్నం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే అపెండిక్స్ పగిలింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. భార్య గేటు దగ్గరికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి మాటల్లేవు, ఏడుపే. గేటాయన సూపర్‌వైజర్‌కి చేశాడు, ఎత్తలేదు. రిలీవర్‌కి చేశాడు, వాళ్ళావిడ ఎత్తి ఆయన మంచం మీంచి లేవలేకపోతున్నాడంది. గేటుకి అటు రెండడుగులు వేశాడు, ఇటు రెండడుగులు వేశాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ ఫ్యాక్టరీ అప్పటికి మూతపడి నాలుగు నెలలు. లోపల ఖాళీ డ్రమ్ములూ, పిల్లులూ తప్ప ఏమీ లేవు. తాళం వేసి వెళ్ళిపోతే అడిగే నాథుడు లేడు. అయినా వెళ్ళలేదు. మర్నాడు పదింటికి రిలీవర్ దగ్గుకుంటూ వచ్చాక అప్పుడు వెళ్ళాడు.

మంచం మీద పిల్ల కళ్ళు తెరిచే ఉంది. నీకోసం ఎంతసేపు చూశానో, ఎందుకు రాలేదు నాన్నా అంది. ఏం చెప్తాడు? నోటికొచ్చింది చెప్పాడు. పోస్టు వదిలేసి వస్తే పోలీసులు పట్టుకెళ్తారమ్మా, జైల్లో పెడతారు, అప్పుడు నీకు నాన్న ఉండడు కదా అన్నాడు. పిల్ల నమ్మేసింది. నమ్మడమేమిటి, మా నాన్న జైలుకి పోకుండా నాకోసం అక్కడే నిలబడ్డాడని నర్సుకి గొప్పగా చెప్పుకుంది. పక్కనే కూచున్న భార్య అంతా వింది. ఆరు నెలలు తిరిగేసరికి పిల్లనీ, రెండు పెట్టెల్నీ తీసుకుని, తను పనిచేసే కళ్ళద్దాల షాపుకి దగ్గర్లో గది చూసుకుని వెళ్ళిపోయింది. ఆ అబద్ధాన్ని మాత్రం పిల్ల దగ్గర ఎప్పుడూ విప్పలేదు. ఎందుకు విప్పలేదో గేటాయనకి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

ఈసారి మాత్రం వారం ముందే రిలీవర్ ఇంటికి పోయి, చేతులు పట్టుకుని, ఆదివారం మీరు పాక్కుంటూనైనా రావాలి అని బతిమాలుకున్నాడు. వచ్చాడు పాపం. గేటాయన పదింటికి అయిదు నిమిషాల ముందే ఆవిడ గుమ్మం ముందున్నాడు.

చిట్టి అడిగింది పిల్లల పట్నం. బళ్ళో సగంమంది చూసొచ్చేశారట. ఊరి చివర పెద్ద షెడ్డులాంటి భవనం, లోపలి కప్పుకి నీలం రంగు వేసి మబ్బులు గీశారు. కింద చిన్న చిన్న వీధులు, పొట్టి దీపస్తంభాలు, బ్యాంకు, ఆస్పత్రి, రొట్టెల దుకాణం, టీవీ స్టూడియో, ఒక ఫైరింజన్, ముందు సగం మాత్రమే ఉన్న విమానం. పిల్లలు అక్కడ పెద్దవాళ్ళ ఉద్యోగాలు చేస్తారు. ఒక్కో ఉద్యోగం ఇరవై నిమిషాలు. అదృష్టవంతులు, ఇరవై నిమిషాలకే డ్యూటీ దిగిపోతారు. పెద్దవాళ్ళకి ఆ గదుల్లోకి ప్రవేశం లేదు, అద్దానికి ఇవతల బల్లల మీద కూచుని చూడాల్సిందే. పిల్లల చేతికి ప్లాస్టిక్ పట్టీ కడతారు, వెంట వచ్చిన పెద్దవాళ్ళ పట్టీతో అది కలిస్తేనే బయటి గేటు దాటనిస్తారు. ఆ పట్టీ సంగతి గేటాయన రెండుసార్లు అడిగి మరీ కనుక్కున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

చిట్టి మొదట రొట్టెలు చేసింది. తర్వాత టీవీలో వార్తలు చదివింది, రెండుచోట్ల తడబడి నవ్వేసింది. గేటాయన అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. ఎన్నాళ్ళయిందో అలా నవ్వగా చూసి. తర్వాత డాక్టర్ చెయ్యమ్మా, తెల్లకోటు వేసుకుంటే ఫొటో తీస్తాను అన్నాడు. ఆ పిల్ల చెవిన వేసుకుంటేనా? బ్యాంకు ముందు నిలబడిపోయింది. అక్కడ నీలం చొక్కాలు, నీలం టోపీలు వేలాడదీసి ఉన్నాయి.

"నేను సెక్యూరిటీ చేస్తా నాన్నా. టోపీ చూడు, నీదిలాగే ఉంది."

ఈ దిక్కుమాలిన ఉద్యోగం ఇక్కడ కూడా పెట్టారా అనుకున్నాడు గేటాయన. విమానం నడపమన్నాడు, ఐస్‌క్రీం కొనిపెడతానన్నాడు. మా ఇంటి ఉద్యోగం అదేగా, నాకు బాగా వచ్చు అంది పిల్ల. చొక్కా గుండీలు తనే పెట్టాడు. టోపీ పెద్దదై కనుబొమల మీదికి జారింది.

ఎనిమిది మంది పిల్లలు వరసకట్టారు. పసుపు టీషర్టు వేసుకున్న ఒక అమ్మాయి, ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు, వాళ్ళకి పని చెప్పింది. నలుగురు బ్యాంకు సంచులు మొయ్యాలి, నలుగురు దారిలో అక్కడక్కడ కాపలా నిలబడాలి. వరస వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. గేటాయన బల్ల మీద కూచున్నాడు. ఒంటిగంటా నలభై అయింది. బస్సులో గంటంబావు ప్రయాణం, మూడింటికి బయల్దేరితే నిదానంగా పోవచ్చు అని లెక్క వేసుకున్నాడు.

రెండింటికి వరస తిరిగొచ్చింది. ఒక్కొక్కరే టోపీ తీసి బుట్టలో పడేసి అమ్మల దగ్గరికి పరిగెత్తారు. గేటాయన టోపీలు లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పసుపు టీషర్టు పిల్ల కోసం చూస్తే ఆ పిల్ల లేదు, డ్యూటీ అయిపోయి దిగిపోయిందట. ఆ స్థానంలో ఇంకో పసుపు టీషర్టు ఆవిడ అప్పుడే వచ్చి టోపీలు సర్దుతోంది. ఎనిమిదో పిల్ల ఏదండీ అంటే, పిల్లలు ఇలా అయిపోగానే అలా ఇంకో ఉద్యోగానికి పరిగెడతారండీ, చూడండి ఎక్కడో క్యూలో ఉంటుంది అంది.

చూశాడు. రొట్టెల దుకాణంలో, విమానంలో, ఆస్పత్రిలో, టీవీ స్టూడియోలో చూశాడు. ఆడపిల్లల బాత్రూం బయట నిలబడి, లోపలికి వెళ్తున్న ప్రతి తల్లినీ బతిమాలాడు, నీలం చొక్కా పాప ఉందేమో చూసి చెప్పమ్మా అని. వాళ్ళు ఆయన్ని కింది నుంచి పైకి చూసి, చూసొచ్చి, లేదన్నారు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆ వీధుల్లో నడుస్తున్న పిల్లలందరూ ఏదో ఒక యూనిఫాంలోనే ఉన్నారు, ప్రతి నీలం చొక్కాకీ గుండె ఆగి కొట్టుకుంది. ఒక పాపని భుజం పట్టుకుని తిప్పితే ఆ పాప జడిసి ఏడ్చింది, వాళ్ళ నాన్న నాలుగు తిట్టాడు. పడ్డాడు.

బయటి గేటు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడున్నది అసలైన గార్డే, తన ఈడు మనిషి. మిషన్‌లో చూసి, పాప బయటికైతే వెళ్ళలేదండీ, లోపలే ఎక్కడో ఉంటుంది, కంగారు పడకండి అన్నాడు. కంగారు పడకండి అన్న మాట గేటాయన తన జీవితంలో ఎన్ని వందలమందికి చెప్పాడో! ఆ మాట వెనక ఏమీ ఉండదని ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? కాస్త లోపలికి వచ్చి నాతో వెతకండి బాబూ, మీకు ఈ మూలలన్నీ తెలుస్తాయి కదా అని చేతులు జోడించాడు. ఆ గార్డు ఇబ్బందిగా నవ్వాడు. పోస్టు వదిలి రాలేనండీ, నాలుగింటికి మా మనిషి వస్తాడు, అప్పుడైతే వస్తాను అన్నాడు. గేటాయనకి ఆ మనిషి గొంతు పట్టుకుందామనిపించింది. పట్టుకుని ఏమంటాడు?

ఆఫీసువాళ్ళు మైకులో మూడుసార్లు పిలిచారు. బళ్ళో పేరుతో పిలిచారు, చిట్టీ అని పిలిచారు. నీ కోసం మీ నాన్న ఎదురు చూస్తున్నాడు, ఎక్కడున్నా వెంటనే ముఖద్వారం దగ్గరికి రా అన్నారు. ముగ్గురు చిట్టిలు వచ్చారు. ఒకడు మగపిల్లాడు. తన చిట్టి రాలేదు.

మూడుంబావుకి జేబులో ఫోను మోగింది. ఆవిడే.

"ఏం చేస్తోంది?"

"ఐస్‌క్రీం తింటోంది," అన్నాడు.

ఒకసారి ఇవ్వండి అంటే, చేతులన్నీ జిగటగా ఉన్నాయి, కడుక్కున్నాక చేయిస్తాను అన్నాడు. ఎంత బాగా అతికిందో ఆ అబద్ధం. ఫోను పెట్టేశాక మెట్ల మీద కూలబడ్డాడు. పిల్లకి ఏమైనా అయ్యుంటే? ఎవడైనా చెయ్యి పట్టుకుని ఏ మూలకైనా తీసుకుపోయి ఉంటే? ఆదివారాలు పోతే పోనీ, నన్ను గుమ్మం తొక్కనివ్వకపోయినా ఫర్వాలేదు, పిల్ల దొరికితే చాలు అని ఎవరితోనో బేరం పెట్టుకున్నాడు. పక్కనుంచి పోతున్నవాళ్ళు తప్పుకుని పోయారు.

మైకు నాలుగోసారి మోగింది. ఎక్కడున్నా వెంటనే రా అంది. పిలిస్తే రావద్దు అని అన్నం తినేటప్పుడు తను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది గేటాయనకి. పిలవడమే దొంగ చేసే మొదటి పని. ఆ పిల్ల తప్పిపోలేదు. డ్యూటీలో ఉంది.

లేచాడు. ఈసారి పిల్లలుండే చోట్లు వెతకలేదు, కాపలా పెట్టదగ్గ చోట్లు వెతికాడు. బ్యాంకు వెనక తలుపు ఎక్కడుంటుంది? నాటకాలాడే హాలు వెనక ఒక సన్నటి సందు ఉంది. అందులో మూడు మలుపులు, సామాన్ల పెట్టెలు, చివర తాళం వేసిన ఇనుప తలుపు. ఆ తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాళ్ళు దూరం పెట్టి చిట్టి నిలబడి ఉంది. ఆ దారిన పోయినవాళ్ళు లేకపోలేదని తర్వాత తెలిసింది. ఆ బొమ్మ ఊళ్ళో టోపీ పెట్టుకుని నిలబడ్డ పిల్లని చూసి ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? ముద్దుగా ఉందని ఒకావిడ ఫొటో కూడా తీసుకుందట.

"చిట్టీ," అన్నాడు.

పిల్ల పరిగెత్తుకు రాలేదు. కళ్ళు మాత్రం ఇటు తిప్పింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. లాగూ ముందంతా తడిసి, మేజోళ్ళ దాకా కారి, కింద మడుగు కట్టి ఉంది. ఆరిపోయిన చోట అంచు తెల్లగా ఉంది, అంటే ఎప్పుడో అయిపోయింది. రెండు గంటలకి ఎంతో తక్కువ కాదు ఆ నిలబడటం.

"నాన్నా, రిలీవర్ రాలేదు," అంది మెల్లగా.

గేటాయన మోకాళ్ళ మీద కూలబడి పిల్లని పట్టుకున్నాడు. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. పద, వెళ్ళిపోదాం అన్నాడు. ఊహూఁ అంది. ఇది ఆటే కదమ్మా అన్నాడు. పసుపు టీషర్టు అక్క ఆట అని చెప్పలేదు, ఎవరో ఒకరు వచ్చేదాకా కదలొద్దని చెప్పింది అంది. ఎత్తుకోబోతే తలుపు గొళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, వదిలితే పోలీసులొస్తారు నాన్నా, వద్దు నాన్నా అని ఏడవడం మొదలుపెట్టింది. వేళ్ళు విడదియ్యబోతే విడవలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు, ఇనుముని పట్టుకుని తెల్లగా పాలిపోయాయి. ఆ బిగింపు ఎవరు నేర్పారో గేటాయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు ఒకటే తోచింది. పిల్ల తలమీది టోపీ తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. అది నడినెత్తిన ఆనీ ఆనకుండా నిలబడింది. నిటారుగా నిలుచుని, "ఛార్జి తీసుకున్నాను," అన్నాడు.

చిట్టి వేళ్ళు వదిలాయి. గట్టిగా ఊపిరి వదిలి రెండడుగులు పక్కకి వేసింది, నడవలేక గోడ పట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది గేటాయనకి. చెయ్యి అందించాడు, పదమ్మా అని. పిల్ల ఆ చెయ్యి అందుకోలేదు.

"మరి నీ రిలీవరు?"

గేటాయన చెయ్యి అలాగే చాచి ఉంచాడు.

"నువ్వుండు నాన్నా. నేను గేటు దగ్గర కూచుంటా. అమ్మ వచ్చి తీసుకెళ్తుందిలే," అంది. "నాకు అలవాటేగా."

నిష్ఠూరంగా అన్నది కాదు. అలా అన్నా బాగుండేది. పెద్దమనిషి తరహాలో, తండ్రికి ధైర్యం చెప్తున్నట్టు అంది. టోపీ తీసేశాడు. తీసి, తలుపు గొళ్ళేనికి తగిలించాడు. పందొమ్మిదేళ్ళలో రిలీవర్ లేకుండా పోస్టు వదలడం అదే మొదలు, అదీ ఒక బొమ్మ బ్యాంకు వెనక తలుపు దగ్గర. పిల్లని భుజాన వేసుకుని నడిచాడు. అది వీపు మీద గుద్దుతూనే ఉంది, టోపీ పెట్టుకో నాన్నా, నిన్ను పట్టుకెళ్తారు, పెట్టుకో నాన్నా అని. సందు దాటేదాకా గుద్దింది. తర్వాత మెడ చుట్టూ చేతులు వేసి, వెనక్కి చూస్తూ ఉండిపోయింది.

ఆఫీసువాళ్ళు నీళ్ళిచ్చారు, క్షమించమన్నారు, ఇంకోసారి ఉచితంగా రమ్మన్నారు. గేటాయన గడియారం చూశాడు. టైం నాలుగూ అయిదు. టోపీలు సర్దిన ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, వేషాల గదిలోంచి పొడి లాగూ ఒకటి తెచ్చి పిల్లకి తొడిగింది. ఫైరింజన్ వాళ్ళది, ఎర్రది, జానెడు పొడుగెక్కువ.

బస్సైతే అందదు. టాక్సీ ఎక్కారు. చిట్టి సీటు మీద వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూచుని, వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తూ ఉంది. సైరన్ ఏదో వినపడితే తండ్రి చొక్కా పట్టుకుంది. అది అంబులెన్సు. సగం దూరం పోయాక అడిగింది.

"నాన్నా, పోలీసులు రాలేదేం?"

గేటాయన గడియారం చూసుకున్నాడు.

"ఇవాళ రాలేదు కదా. మరి నాకు ఆపరేషన్ అయినప్పుడు కూడా వచ్చేవాళ్ళు కాదా?"

ముందుకు తిరిగి కూర్చోమ్మా, పడతావు అన్నాడు గేటాయన. పిల్ల ముందుకు తిరిగి కూచుంది. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

అయిదింటికి ఏడు నిమిషాలుండగా తలుపు తట్టాడు. ఆవిడ తలుపు తీసి గోడ గడియారం వంక చూసింది. ఆ మొహంలో ఏదో సడలింది. పర్వాలేదే అన్నట్టు చూసింది మనిషిని. అంతలోనే చూపు కిందికి పోయింది. ఇదేం లాగూ అంది.

గేటాయన నోరు తెరవబోయాడు. ఈలోపలే చిట్టి అందుకుంది.

"ఫైరింజన్ ఉద్యోగం చేశా అమ్మా. నీళ్ళు కొడుతుంటే నా లాగూ మొత్తం తడిసిపోయింది. బాగా చేశానని ఇది ఇచ్చేశారు."

ఒక్కచోట తడబడలేదు. టీవీ వార్తలు రెండుసార్లు తడబడి చదివిన పిల్ల, ఇది మాత్రం నీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పింది. చెప్పి తండ్రి వంక చూసింది, భయపడకు, నేనున్నానుగా అన్నట్టు. వాళ్ళమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో గేటాయన ముందు నవ్వింది. వచ్చే నెల కావాలంటే తొమ్మిదింటికే రండి అంది.

అయిపోయింది. అన్నీ దక్కాయి. సరే అని మెట్లు దిగిపోతే చాలు, ఆదివారాలు తనవి, పిల్ల తనది. ఆ గుమ్మంలో నిలబడి గేటాయన ఎంత ఆశపడ్డాడో చెప్తే మీరు నమ్మరు. కానీ ఆ పిల్ల కళ్ళలోకి చూసి ఉండిపోయాడు. తండ్రిని జైలుకి పోకుండా కాపాడుకుంటోంది అది. ఇలా ఎన్నేళ్ళు కాపాడుతుంది? ఇంకా ఎన్ని తలుపుల దగ్గర ఒళ్ళు తడుపుకుంటూ నిలబడుతుంది?

"అబద్ధం," అన్నాడు.

అన్నీ చెప్పాడు. ఏడు టోపీల సంగతి, ఐస్‌క్రీం సంగతి, సందు, తలుపు, మడుగు, ఏదీ దాచలేదు. వింటున్న కొద్దీ ఆవిడ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. పిల్లని దగ్గరికి లాక్కుని ఒళ్ళంతా తడిమి చూసుకుంది. గేటాయన మెట్టు మీద గొంతుక్కూచుని పిల్ల ఎత్తుకి వచ్చాడు.

"ఇందాక అడిగావు కదమ్మా. ఎవరూ పట్టుకోరు. ఆ రోజు కూడా ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. ఆ ఫ్యాక్టరీలో అసలేమీ లేదు. నేనే రాలేదు."

"ఎందుకు?"

"భయమేసింది. ఉద్యోగం పోతుందని."

ఇంకేదో చెప్తాడని చిట్టి ఆగింది.

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఎర్ర లాగూ కాళ్ళకి అడ్డం పడుతుంటే రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. తిడుతుందనుకున్నాడు. రెండేళ్ళు ఈ అబద్ధాన్ని దాచిపెట్టాను, నాన్న మీద ఆ ఒక్క నమ్మకమైనా దానికి మిగలనీ అని, అంది. ఇక మీరు రావాలో వద్దో పిల్లే చెప్పాలి, నేను చెప్పను అంది. తలుపు సగం చేరవేసింది. గేటాయనకి లేవాలని తెలుసు. మెట్టు మీద అలాగే ఉన్నాడు. లోపల కుళాయి విప్పిన చప్పుడు, ఆగిన చప్పుడు వినపడ్డాయి.

"నాన్న వెళ్ళాడా?" అంది చిట్టి లోపల్నుంచి.

"లేదు. ఇక్కడే ఉన్నాడు."

కుళాయి మళ్ళీ చప్పుడైంది, ఆగింది.

"వెళ్ళిపోవచ్చని చెప్పు," అంది చిట్టి.

ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది. గేటాయన గోడ పట్టుకుని లేచి, మెట్లు దిగాడు.